సజ్జగింజంత నక్షత్రం

బిర్సానగర్, జంషెడ్‌పూర్
జూలై 14

పద్దూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. చేతిలో ఫోనుండగా ఈ కాగితాల గోల ఏమిటని విసుక్కుంటావని తెలుసు. కారణం చివర చెబుతాను. ముందు నా ఏడుపు విను.

మా స్కూల్లో సౌరకుటుంబం అంటే థర్మోకోల్ బంతులు. నేను చేరినప్పటి నుంచి అదే అట్ట, అవే బంతులు, ఏటా కొత్త రంగు. సూర్యుడు కొబ్బరికాయంత, పక్కనే బుధుడు, శుక్రుడు, భూమి, రేషను కొట్టు ముందు నిలబడ్డట్టు ఒకరినొకరు తోసుకుంటూ. మొన్న ఎనిమిదో క్లాసుకి, ఏ గ్రహాల మీద బతకవచ్చు అన్న పాఠం చెబుతున్నాను. సూర్యుడికి మరీ దగ్గరైతే నీళ్ళు ఆవిరైపోతాయి, మరీ దూరమైతే గడ్డకడతాయి, మధ్యలో ఒక పట్టీ ఉంటుంది, మనం అందులో ఉన్నాం అన్నాను. నేహ అనే పిల్ల లేచి థర్మోకోల్ చూపించింది. శుక్రుడికీ మనకీ మధ్య రెండు వేళ్ళే కదా మేడమ్, అక్కడ సీసం కరిగిపోతుంటే ఇక్కడ మామిడిపళ్ళు ఎలా కాస్తున్నాయి అని అడిగింది. బొమ్మ అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడి నేను నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

ఆదివారం బిష్టుపూర్ బజారుకి వెళ్ళి బేరింగుల కొట్లో ముప్పావు అంగుళం ఉక్కు గుండు కొన్నాను. అదే మా సూర్యుడు. ఆ లెక్కన భూమి రెండు మీటర్ల అవతల ఒక ముగ్గుపిండి నలుసు. గురుడు దాదాపు పదకొండు మీటర్ల దగ్గర. నెప్ట్యూన్ మా గ్రౌండులో పట్టలేదు, గేటు దాటి పాన్ దుకాణం గుమ్మంలో పడింది. నీళ్ళు నీళ్ళుగా నిలిచే పట్టీని పిల్లలు సుద్దతో గీశారు. రెండు మీటర్ల దగ్గర మొదలై మూడు దాటాక అయిపోయింది. మిగతా గ్రౌండంతా ఖాళీ. అది చూసి వాళ్ళు గోడ దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి కొలిచారు. మా క్లాసు అడక్కుండా లెక్క సరిచూసుకోవడం అదే మొదలు.

ఇక్కడ నువ్వొస్తావు. మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమాని ఇదే లెక్కలో పెట్టాలంటే అయిదువందల యాభై కిలోమీటర్లు పోవాలి. మ్యాపు మీద చూస్తే అది మీ గెడ్డవలస. నిజం చెప్పాలంటే, గుండు సైజు ఎంచుకున్నదే అందుకు. మీ ఊళ్ళో ఆ నక్షత్రం ఒక సజ్జగింజ. దానికి బెత్తెడు దూరంలో ఒక గ్రహం, అదీ నలుసే. బతకదగిన దూరంలోనే ఉంది. ఎవరైనా ఉన్నారో లేదో ఎవరికీ తెలియదు. దాన్ని మీ బళ్ళో కిటికీలో పెట్టించు.

నియమం ఒక్కటే. అక్కణ్ణుంచి వెలుగు రావడానికి నాలుగేళ్ళ పైన పడుతుంది, మన తపాలాకి నాలుగైదు రోజులు. కాబట్టి దీని గురించి ఫోను బంద్. మా పిల్లలు ఉత్తరం రాస్తారు, మీ పిల్లలు ఉత్తరంలోనే జవాబివ్వాలి. ఆ చివర కూడా ఒక క్లాసు ఉందని మావాళ్ళకి మాటిచ్చేశాను.

బిందు


గెడ్డవలస, శ్రీకాకుళం జిల్లా
ఆగస్టు 2

బిందూ,

అక్కడ జంషెడ్‌పూర్లో అగ్రికో క్వార్టర్లలో పక్కపక్క గుమ్మాల్లో పెరిగినప్పుడూ నువ్వింతే. ముందు మాటిచ్చేస్తావు, తరవాత అడుగుతావు. నాకు ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం వచ్చి ఇన్నేళ్ళయినా నీ ఆర్డర్లు మాత్రం తప్పలేదు.

సరే, పెట్టించాను. మాది ఒక్క గది, పదకొండు మంది పిల్లలు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, ముందు వాళ్ళకి అర్థమయింది జంషెడ్‌పూర్లో సూర్యుడున్నాడని. అప్పలరాజు వాళ్ళ మామ మీ ఊళ్ళోనే కాంట్రాక్టు పని చేస్తాడట. "మా మావ సూరీడి దగ్గరే పన్జేత్తన్నాడు" అని ఆ రోజంతా కాలర్ ఎత్తుకుని తిరిగాడు.

మొదటి సజ్జగింజని కోడి తినేసింది. నవ్వకు, నిజం. నేను హాజరు వేస్తున్నాను, కిటికీ మీదకి ఎగిరి నక్షత్రాన్ని టక్కున మింగి దిగిపోయింది. పిల్లలు దాని వెంట గెడ్డ దాకా, అదే మా వాగు దాకా పరిగెత్తారు. ఇప్పుడు రెండో గింజని జిగురుతో అంటించాం. ఏడో తరగతి తవిటమ్మని కాపలా పెట్టాను. ఆ పిల్ల కళ్ళు కప్పి కోడి కాదు కదా, ఈగ కూడా రాలేదు.

పైనుంచి ఏవో ఉత్తర్వులు వస్తాయంటున్నారు, పిల్లలు తక్కువున్న బళ్ళ గురించి. ఏటా అంటారులే. మీవాళ్ళ ఉత్తరాలు పంపు.

పద్దు


బిర్సానగర్
ఆగస్టు 28

పద్దూ,

పదకొండు ఉత్తరాలు పంపుతున్నాను, మీ పదకొండు మందికీ తలొకటి. హిందీలో రాశారు. కింద నేను తెలుగు రాశాను, తప్పులుంటే క్షమించు. ఆ గ్రహం ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు తిప్పి ఉంటుందట, ఒక పక్క ఎప్పుడూ పగలు, ఇంకో పక్క ఎప్పుడూ రాత్రి. అది విన్నాక మావాళ్ళకి వేరే ధ్యాస లేదు. మీరు ఏ పక్క ఉంటారు, నిద్ర ఎప్పుడు పోతారు, బడి గంట ఎవరు కొడతారు అన్నీ అడిగారు. శ్యామ్ అనేవాడు క్లాసులో నోరు విప్పడు, వాడు రెండు పేజీలు రాశాడు.

ఇక్కడ మాత్రం నాకు తల ప్రాణం తోకకొస్తోంది. పొద్దున్నే ఊడ్చే ఆవిడ భూమిని చీపురుతో ఊడ్చేసింది. స్టాఫ్‌రూములో ఇంకా దాని మీద జోకులు. ప్రిన్సిపాల్ గారు గ్రౌండుకి వచ్చి, నడుం వంచి చూసి, "మేడమ్, ఇస్‌మే దిఖ్‌తా క్యా హై?" అన్నారు, ఇందులో కనబడేదేముంది అని. ఏమీ కనబడకపోవడమే పాఠం సార్ అన్నాను. తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఏమీ కనబడకపోవడానికి కాదన్నారు. పిల్లలు నెప్ట్యూన్ దాకా నడవడం కూడా ఆపించారు, గేటు బయట కాబట్టి. మా సౌరకుటుంబం ఇప్పుడు యురేనస్‌తో సరి.

డిసెంబరులో సైన్స్ ఎగ్జిబిషన్. మళ్ళీ థర్మోకోల్ పెట్టమంటున్నారు. నేను ఒప్పుకోలేదు. మీ పిల్లల జవాబులే నాకు ఆధారం, త్వరగా రాయించు.

బిందు


గెడ్డవలస
సెప్టెంబరు 24

బిందూ,

ఆలస్యమయింది. జవాబులు పంపుతున్నాను, పదకొండూ ఉన్నాయి.

నేహకి తవిటమ్మ రాసింది ముందు చదువు. మేం గదినే గ్రహం చేసుకున్నాం, కిటికీ పక్క పగలు, గోడ పక్క రాత్రి, నాకు చీకటి వైపు కూచోవడమే ఇష్టం, అక్కడ కూచుంటేనే నక్షత్రాలు కనబడతాయి అని రాసింది. అప్పలరాజు సరిహద్దు మీద కూచున్నాడట, ఒక చెయ్యి పగట్లో, ఒక చెయ్యి రాత్రిలో. శ్యామ్‌కి నీలకంఠం రాశాడు.

నాకు పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

పద్దు


బిర్సానగర్
అక్టోబరు 30

పద్దూ,

నీ ఉత్తరం అంత పొడిగా ఉందేమిటని కోపం వచ్చింది కానీ పిల్లల జవాబులు చదివాక పోయింది. ఎంత బాగా రాశారు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క తప్పు లేదు. మా ప్రైవేటు బడికి సిగ్గుచేటు. నేను హిందీలో చెబుతుంటే క్లాసు కదల్లేదు. శ్యామ్ ఆ ఉత్తరాన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకుని తిరుగుతున్నాడు, వాడికి తెలుగు ఒక్క అక్షరం రాదు.

ప్రిన్సిపాల్ గారు కూడా దిగొచ్చారు. గుండు పెట్టుకోండి, కానీ ఎగ్జిబిషన్ రోజు స్టేజీ మీద ఆ ఉత్తరాలు చదివించాలి, ముఖ్య అతిథి ముందు, అన్నారు. ఆయనకి ఆకాశం అక్కర్లేదు, పక్క రాష్ట్రం పిల్లలు రాశారంటే పేపర్లో పడుతుందని ఆశ. ఏదైతేనేం.

ఒక చిన్న మోసం చేస్తున్నాం, ఏమనుకోకు. నేహ వాళ్ళు మన తెలుగువాళ్ళే, వాళ్ళ నాన్న అసిరయ్య తన మేనకోడలి పెళ్ళికి ఊరొస్తున్నాడు. మీకు నాలుగూళ్ళ అవతలే. తెలుసుగా, ఇక్కణ్ణుంచి ఎవరు ఊరెళ్ళినా వీధి వీధంతా మూటలు అప్పజెబుతుంది. ఎవరి మూటా కాదనకూడదు. మా క్లాసు కూడా ఒకటి ఇచ్చింది, మీ పిల్లల కోసం ఇంకో ఉక్కు గుండు, పదకొండు రిబ్బన్లు. రైలు తపాలా కంటే ముందు చేరుతుంది కదా మేడమ్, వెలుగు కంటే వేగంగా ఏదీ పోకూడదన్నారు కదా అని నేహే పట్టుకుంది. ఈ ఒక్కసారికీ అన్నాను.

బిందు


బిర్సానగర్
నవంబరు 13

పద్మశ్రీకి,

ఫోను చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు నన్ను నవ్విస్తావు. నాకు నవ్వాలని లేదు.

అసిరయ్య నిన్న మూట వెనక్కి తెచ్చాడు. విప్పలేదు. నేహ పక్కనే నిలబడి ఉంది. అతను చెప్పిన మాటలు అలాగే రాస్తున్నాను: "మేస్టరమ్మా, ఆ ఊల్లో బడి నేదు. తాళం ఏసీసినారు. నోపల ధాన్నెం బస్తాలున్నాయి. ఆగస్టులోనే మూసీసినారంట. పిల్లలేటయినారంటే ఎవులికీ సరిగ్గా తెల్దు."

ఆగస్టులో మూస్తే సెప్టెంబరులో ఆ ఉత్తరాలు ఎవరు రాశారు?

నిన్ను అడగనక్కర్లేదు. ఇప్పుడు తీసి చూస్తే తెలుస్తోంది, పదకొండు చేతిరాతల్లోనూ నీ 'క్ష' ఒకటే. నాకు ఒళ్ళు మండిపోతోంది. నేను ఇక్కడ థర్మోకోల్ అబద్ధమని అందరితో తగువు పడుతుంటే నువ్వు అక్కడ కూచుని నా చేతికి ఇంకో థర్మోకోల్ ఇచ్చావు. పైగా దీనికి పిల్లల పేర్లు పెట్టావు. మావాళ్ళు ఎవరికి రాశారు? శ్యామ్ ఎవరితో మాట్లాడుతున్నాడు? ఆ చివర ఒక క్లాసు ఉందని చెప్పినదాన్ని నేను. ఎగ్జిబిషన్ ఇంకో నెలలో ఉంది. ఏం మొహం పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడను?

బిందు


మండలాఫీసు నుంచి
నవంబరు 21

బిందూ,

అవును, నేనే రాశాను. మధ్యాహ్నం అన్నం మానేసి, నాలుగు పెన్నులు మార్చి రాశాను.

మీవాళ్ళ కట్ట నా చేతికి వచ్చేసరికే నేను బడి తాళం అప్పజెప్పేశాను. పిల్లలు తక్కువ కాబట్టి గెడ్డ అవతలి బడిలో కలిపేశారు. అయిదుగురు అక్కడికి వెళ్ళారు, గెడ్డ పొంగిన రోజు వెళ్ళరు. నలుగురు ప్రైవేటు వ్యాను ఎక్కారు. ఇద్దరు ఎక్కడికీ వెళ్ళలేదు. తవిటమ్మ ఇంట్లో తమ్ముణ్ణి ఆడిస్తోంది. నన్ను ఇక్కడ కంప్యూటరు ముందు కూచోబెట్టారు. తెరిచి ఉన్న బళ్ళ ఫొటోలు ఎక్కిస్తూ ఉంటాను. అరవై ఊళ్ళ పిల్లల హాజరు నా వేళ్ళ కింద నుంచి పోతుంది, ఒక్క మొహం తెలియదు.

నీకు చెప్పాల్సింది. చెబితే నువ్వు థర్మోకోల్‌కి ఒప్పుకుంటావని భయం వేసింది. ఇంకో భయం కూడా ఉంది. రాసుకుంటూ కూచుంటే ఆ పదకొండు మందీ నా ముందు కూచున్నట్టే ఉండేది. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ గదిలో అన్నీ ఉన్నాయి బిందూ. నల్లబల్ల ఉంది, కుండలో నీళ్ళు పెట్టే చోటుంది, కిటికీలో మంచి ఎండ పడుతుంది. బతకడానికి ఏం కావాలో అన్నీ ఉన్నాయి, ఎవరూ లేరు. నీ పాఠంలో అలాంటి గ్రహానికి ఏదో పేరుంటుంది.

ఒక్క మాట అని ఊరుకుంటాను. నీకు కోపం రావడం న్యాయమే. కానీ జూలై నుంచి నువ్వు నన్ను అడిగిందంతా జవాబులు ఎప్పుడు అనే. ఉత్తర్వుల సంగతి రాశాను, అది ఏమైందని ఒక్కసారి అడగలేదు.

పద్దు


బిర్సానగర్
డిసెంబరు 19

పద్దూ,

అడగలేదు. నిజమే. దానికి నా దగ్గర సాకు లేదు. కోపం మాత్రం తగ్గలేదు, అది నీ మీద ఎంతో నా మీద ఎంతో పంచుకోవడం చేతకావడం లేదు.

ఎగ్జిబిషన్‌కి ముందు రోజు క్లాసుకి చెప్పేశాను. స్టేజీ మీద అబద్ధం చదివించి ఇంటికి పోయి అన్నం తినలేను. బడి మూసేశారని, ఉత్తరాలు నా స్నేహితురాలు రాసిందని చెప్పాను. శ్యామ్ లెక్కల పుస్తకంలోంచి ఉత్తరం తీసి, మడిచి, నా టేబులు మీద పెట్టి వెళ్ళి కూచున్నాడు. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ప్రిన్సిపాల్ గారికి చెబితే, అయితే ఏం, చదివించండి, వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది అన్నారు. చదివించలేదు. గుండు పెట్టాం, సుద్దపట్టీ గీశాం, నేహ నిలబడి ప్రాక్సిమా దాకా వివరించింది. ముఖ్య అతిథి పట్టీ మీద బూట్లేసుకుని నిలబడి అంతా విని, ఆ రెండో నక్షత్రం దగ్గర ఎవరైనా ఉన్నారా పాపా అని అడిగారు. నేహ నా వైపు చూడలేదు. "రహ్ సక్‌తే హైఁ సర్. లేకిన్ కోయీ నహీఁ హై" అంది. ఉండవచ్చు సార్, కానీ ఎవరూ లేరు అని. ఆయన చాలా బాగుందని చప్పట్లు కొట్టి, ఫొటో దిగి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. వచ్చే ఏడాది సైన్స్ ఎగ్జిబిషన్ వేరే మేడమ్ చూసుకుంటారని నాకు సాయంత్రం చెప్పారు. థర్మోకోల్ అట్టకి అప్పుడే రంగు వేస్తున్నారు.

నాకు దాని బాధ కాదు. నేహ ఆ మాట చెప్పిన తీరు బాధ. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేను నేర్పింది చివరికి అదా?

ఆ పిల్లలు ఎక్కడికీ మాయం కాలేదు కదా. అయిదుగురు గెడ్డ అవతల ఉన్నారు, నలుగురు వ్యానులో ఉన్నారు, ఇద్దరు ఇంట్లో ఉన్నారు. వెళ్ళు. ఆదివారం నీకు కంప్యూటరు ఉండదుగా. మావాళ్ళ ఉత్తరాలు ఎవరివి వాళ్ళకి ఇవ్వు. నువ్వు రాసిన జవాబులు కూడా చూపించు, తిట్టించుకో. ఇష్టమైతే రాస్తారు, లేకపోతే లేదు. నువ్వు మాత్రం ఒక్క అక్షరం దిద్దకు.

బిందు


గెడ్డవలస
జనవరి 6

బిందూ,

వెళ్ళాను. తిట్టించుకున్నాను. పది మంది తరవాత రాస్తామన్నారు, అందులో ఎంతమంది రాస్తారో చెప్పలేను. ఒక్కతి మాత్రం నన్ను గుమ్మంలో నిలబెట్టి, తమ్ముణ్ణి నా చేతికిచ్చి, అక్కడికక్కడే రాసిచ్చింది. నువ్వు నాకు రాసినవాటితో సహా మీ ఉత్తరాలన్నీ చదివాకే రాసింది. దిద్దలేదు. నేహకి నువ్వే చదివి వినిపించు, ఏ మాటా మెత్తన చెయ్యకు.

పద్దు


నేహకి,

నువ్వు నాకు రాసిన ఉత్తరం ఆగస్టుది. నాకు మొన్న ఇచ్చారు. మేడం నా పేరు పెట్టి నీకు ఏదో రాసింది. అది నాను రాయలేదు. అందులో నాకు చీకటి వైపు కూచోడం ఇష్టం అని ఉంది. నాకు ఇష్టం నేదు. నాకు చీకటంటే బయ్యం. నాను ఎప్పుడూ కిటికీ కాడే కూచున్నాను.

నువ్వు అడిగినావు కదా నిద్ర ఎప్పుడు పోతావు అని. తమ్ముడు పడుకుంటే పోతాను. బడి గంట ఎవులు కొడతారు అన్నావు. నానే కొట్టేదాన్ని. ఇప్పుడు గంట ఎవులు అట్టుకుపోయారో తెల్దు.

మీ బడికొచ్చిన పెద్దాయన అడిగితే ఇక్కడ ఎవులూ నేరని చెప్పినావంట. నీకు ఎవులు చెప్పినారు? తాళం ఏసింది బడికి. మాకు ఎయ్యలేదు. అప్పలరాజు ఉన్నాడు, నీలకంఠం ఉన్నాడు, నాను ఉన్నాను. మీ నాన్న వచ్చినప్పుడు కూడా ఉన్నాను. బడి కాడ చూసి ఎల్లిపోయాడు, మా ఇంటికి రాలేదు.

ఈసారి ఎవులైనా అడిగితే ఉన్నారని చెప్పు.

తవిటమ్మ